పొరుగింటి జప్తు

ఒకే షావుకారు దగ్గర ఇద్దరు రైతులు అప్పుపడి వున్నారనుకుందాం. మొదటివాడి ఇంటికి అమీనా జప్తుకు వచ్చిననాడు రెండోవాడు అరుగు మీద కూర్చుని విరగబడి నవ్వితే దాన్ని మనం హాస్యం అనం. ఆ నవ్వు షావుకారుకు ఎంత సాయం చేస్తుందో మనకు తెలుసు. కాని అదే రైతులకు రెండు రంగుల చొక్కాలు తొడిగి ఫుట్‌బాల్ మైదానంలో చెరొక వైపున నిలబెడితే మాత్రం ఆ నవ్వు "ప్రజల హాస్యప్రియత్వం" అయిపోతుంది. దానికి సమర్థకులు బయలుదేరుతారు, మనలో నుంచి కూడా.

మన విద్యార్థి మిత్రులు కొందరు ఇంగ్లండు, స్కాట్లండు క్లబ్బుల ఆటలు రాత్రుళ్లు మేలుకొని చూస్తున్నారు. చూడవద్దని నేననను. ఫుట్‌బాల్ శ్రామికవర్గానికి పోసిన నల్లమందు అని ఒక్క మాటతో కొట్టివేసే పెద్దల పక్షం నాది కాదు. అట్లా కొట్టివేసేవాళ్లు సాధారణంగా ఆ వర్గం ఆదివారం పూట ఏం చేస్తుందో చూసినవాళ్లు కారు. నా పేచీ మరొకటి. ఆటతోపాటు మన మిత్రులు అక్కడి అభిమానుల వేళాకోళాన్ని కూడా అరువు తెచ్చుకుంటున్నారు. ఫలానా క్లబ్బు జీతాలు ఇవ్వలేకపోతోంది, ఫలానా క్లబ్బు పన్ను ఎగవేసి పట్టుబడింది, ఫలానా క్లబ్బును వేలం వెయ్యబోతున్నారు, అంటూ ఎదుటి జట్టువాణ్ణి ఏడిపిస్తున్నారు. ఏమిటిదని అడిగితే "ఇదంతా సరదా, మాస్టారూ, దీన్ని కూడా వర్గపోరాటం చెయ్యకండి" అంటారు. సరదాను వర్గపోరాటంగా మార్చే శక్తి నాకు లేదు. అది ఎవరి సొమ్ముతో, ఎవరి లాభానికి నడుస్తోందో చూపగలను. అందుకు గ్లాస్గో నగరం కన్న మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

గ్లాస్గోలో రెండు పెద్ద క్లబ్బులు. రేంజర్స్ 1872లో పుట్టింది. సెల్టిక్ 1887లో, పొట్ట చేతబట్టుకు వచ్చిన ఐర్లండు కాథలిక్కుల పేటలో, బీదపిల్లలకు తిండి పెట్టే ధర్మకార్యానికి డబ్బు పోగుచెయ్యటానికి పుట్టింది. వాల్‌ఫ్రిడ్ అనే మతగురువు దాని స్థాపకుడు. రేంజర్స్ క్రమంగా ప్రొటెస్టంట్ల జట్టయింది. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకునేదాకా పేరున్న కాథలిక్ ఆటగాణ్ణి బాహాటంగా చేర్చుకోలేదు. ఓడల కార్ఖానాల్లో, ఇనుప ఫౌండ్రీల్లో ఒకే యజమాని కింద పనిచేసే ఇద్దరు కార్మికులు శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరు శత్రువులైపోయేవారు. ఈ జంటకు స్కాట్లండులో "ఓల్డ్ ఫర్మ్" అని పేరు. అంటే పాత వ్యాపార కంపెనీ. ఆ పేరు పుట్టుకను గురించి కథలు చాలా వున్నాయి గాని, 1904లోనే ఒక పత్రిక వేసిన వ్యంగ్యచిత్రంలో ఒకడు ఆ కంపెనీని పోషించమని రాసిన బోర్డు తగిలించుకుని నిలబడి వుంటాడు. కార్టూనిస్టుకు తెలిసిన సంగతి ప్రేక్షకుడికి తెలియదా?

తెలుసు. 1909 ఏప్రిలులో ఈ రెండు జట్లకూ హాంప్‌డెన్ మైదానంలో స్కాటిష్ కప్పు ఫైనలు జరిగింది. మొదటి ఆట సమంగా ముగిసింది. వారం తరువాత మళ్లీ ఆడారు, మళ్లీ సమంగానే ముగిసింది. అదనపు సమయం ఆడించి తేల్చేస్తారని జనం కనిపెట్టుకుని వున్నారు. ఆటగాళ్లు మైదానం విడిచి లోపలికి వెళ్లిపోయారు. మూడోసారి కూడా గేటు దగ్గర డబ్బు వసూలు చెయ్యటానికే క్లబ్బులు రెండూ కూడబలుక్కున్నాయని జనానికి అనుమానం వచ్చింది. అప్పుడు జరిగింది చూడండి. పచ్చచొక్కావాడు నీలిచొక్కావాడి మీద పడలేదు. ఇద్దరూ కలిసి మైదానంలోకి దూకారు. గోలుస్తంభాలు పీకారు. టిక్కెట్లమ్మే కొట్లకు నిప్పు పెట్టారు. మంటలార్పటానికి వచ్చినవాళ్ల గొట్టాలు కోశారు. ఆ యేడు కప్పు ఎవరికీ ఇవ్వలేదు. అగ్నిమాపక దళాన్ని కొట్టటం ఘనకార్యమని నేననటం లేదు, దెబ్బలు తిన్నవాళ్లూ కూలి మనుషులే. అనుమానం నిజమో కాదో కూడా నా ప్రశ్న కాదు. తమను దోస్తున్నది ఎదుటి గట్టువాడు కాదనీ, గేటు దగ్గరి పెట్టె అనీ ఆ రోజు ఇరుపక్షాలకూ ఒకేసారి తోచింది. వాళ్ల మునిమనుమలకు అది ఎందుకు తోచలేదన్నదే నా ప్రశ్న.

2012 సంగతికి వస్తాను. అంతకు ముందు యేడు మే నెలలో డేవిడ్ మరీ అనే ఉక్కు వ్యాపారి రేంజర్స్‌లో తనకున్న పెద్ద వాటాను క్రెగ్ వైట్ అనే మరో వ్యాపారికి ఒక్క పౌనుకు అమ్మాడు. ఆ పౌనుతోపాటు బ్యాంకుకు సుమారు 1 కోటి 80 లక్షల పౌన్ల బాకీ తీర్చాలన్నది షరతు. వైట్ తీర్చాడు. ఎవరి డబ్బుతో? రాబోయే కొన్నేళ్లలో అభిమానులు కొనబోయే సీజన్ టిక్కెట్లను టికెటస్ అనే సంస్థకు ముందే అమ్మేసి, ఆ డబ్బుతో. పైరు పొట్టమీద వుండగానే పంటను షావుకారుకు రాసిచ్చే పద్ధతి మన రైతుకు కొత్తది కాదు. ఇక్కడ తేడా ఏమంటే, పైరు ఒకడిది, రాసిచ్చినవాడు మరొకడు. బ్యాంకు బాకీ పైసాతో సహా తీరింది. ఆటగాళ్ల జీతాల్లో పట్టుకున్న పన్ను మాత్రం ఖజానాకు చేరలేదు. ఆ బాపతు బాకీ సుమారు 90 లక్షల పౌన్లయింది. 2012 ఫిబ్రవరి 14న క్లబ్బు దివాలా అధికారుల చేతిలోకి పోయింది. జూన్‌లో పన్నుల శాఖ రాజీకి ఒప్పుకోకపోవటంతో ఆ కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. చార్లెస్ గ్రీన్ అనే అతని బృందం మైదానంతో సహా ఆస్తులన్నీ 55 లక్షల పౌన్లకు కొనుక్కుంది. డబ్బు రావలసినవాళ్ల జాబితాలో చిన్న చిన్న వర్తకులున్నారు, రోగుల్ని మోసే అంబులెన్సు సేవ వుంది.

ఈ జాబితాను చూసి నవ్వాలి! సెల్టిక్ అభిమానులు నవ్వారు. రేంజర్స్ చావును పిల్లల పుట్టినరోజుల్లో పెట్టే జెల్లీ, ఐస్‌క్రీంలతో పండగ చేసుకుంటామని పాట కట్టుకుని పాడారు. నూరేళ్లపైగా తమను అవమానించిన జట్టు పడిపోతే ఆ మాత్రం సంతోషం సహజమే అనవచ్చు. ఒప్పుకుంటాను. మొదటి వారం నవ్వుకు నేను అడ్డం రాను. ఆ నవ్వు తరువాత ఏమయిందో చూడండి.

అప్పటికే పన్నుల గురించి మరో పెద్ద వ్యాజ్యం నడుస్తోంది. 2001 నుంచి దాదాపు పదేళ్లు రేంజర్స్ తన ఆటగాళ్లకు ఒక ట్రస్టు ద్వారా అప్పుల పేరిట డబ్బిచ్చింది. అది జీతమే, దానికి పన్ను కట్టాలన్నది ప్రభుత్వవాదం. 2012 నవంబరులో ట్రిబ్యునల్ రేంజర్స్ పక్షాన చెప్పింది. ఆనాడు నవ్వటం రేంజర్స్ వాళ్ల వంతు. 2015లో పై కోర్టు దాన్ని తిరగేసింది. 2017 జులైలో సుప్రీంకోర్టు ప్రభుత్వమే గెలిచిందని తేల్చింది. సెల్టిక్ వాళ్లు మళ్లీ నవ్వారు. అయిదేళ్లపాటు నగరం నగరమంతా పన్ను చట్టంలోని సెక్షన్ల మీద గోలు కొట్టినట్టు కేకలు వేసింది. పన్ను రాకపోతే నష్టపోయే ఆస్పత్రి రెండు పక్షాల పిల్లలకూ ఒకటే అన్న మాట కొందరు సెల్టిక్ అభిమానులు అన్నారు. వాళ్లను నేను అభినందిస్తాను. కాని ఎదుటివాడి యజమాని పన్ను ఎగవేస్తేనే పుట్టే ప్రజాహితబుద్ధి అరబుద్ధి.

ఇంతకన్న విచిత్రమైనది మరో తగాదా. 2012 తరువాతి రేంజర్స్ పాత క్లబ్బా, కొత్త క్లబ్బా? కొత్తదంటారు సెల్టిక్ వాళ్లు. దాన్ని పేరుతో పిలవక, ఆస్తులు కొన్న కంపెనీ పేరుతో "సెవ్‌కో" అని పిలుస్తారు, చచ్చి లేచిన పిశాచమంటారు. కంపెనీ వేరు, క్లబ్బు వేరు, చచ్చింది కంపెనీయే అంటారు రేంజర్స్ వాళ్లు. పదేళ్లు దాటినా ఈ వాదం తెగలేదు. వాదించేవాళ్లలో బస్సు డ్రైవర్లున్నారు, బడిపంతుళ్లున్నారు, పని పోయినవాళ్లున్నారు. అందరూ ఫీజు లేని కంపెనీ లాయర్లయిపోయారు! కంపెనీని చంపి క్లబ్బును బతికించవచ్చునన్న సూత్రం ఎవరికి లాభం? బాకీలన్నీ శవంతో పూడ్చిపెట్టి, కప్పుల చరిత్రను, అభిమానుల ప్రేమను మాత్రం కొత్త యజమానికి స్వాధీనం చెయ్యగల చట్టాన్ని గురించి ఇరుపక్షాలూ కలిసి అడగవలసిన ప్రశ్న అది. ఆ ప్రశ్నను వేళాకోళం మింగేసింది.

వైట్ సంగతేమిటంటారా? 2014లో కోర్టు అతన్ని 15 యేళ్లపాటు కంపెనీ డైరెక్టరుగా వుండరాదని నిషేధించింది. 2017లో మోసం నేరారోపణల మీద జ్యూరీ నిర్దోషి అన్నది. పైగా దివాలా అధికారుల మీద పెట్టిన కేసు దురుద్దేశంతో నడిపినదని ప్రభుత్వ న్యాయశాఖే తరువాత ఒప్పుకుని వాళ్లకు కోట్ల పౌన్లు పరిహారం ఇచ్చింది. ఆ డబ్బు పచ్చచొక్కా పన్నుల్లోంచి ఎంత, నీలిచొక్కా పన్నుల్లోంచి ఎంత అని ఎవడన్నా లెక్క తీశాడా?

అభిమాని ఏమీ చెయ్యలేడు గనక నవ్వుకుంటాడని అనేవాళ్లున్నారు. ఇది అబద్ధం. 2012 వేసంగిలో రేంజర్స్ కొత్త కంపెనీని పైశ్రేణిలోనే వుంచుకోవాలని, లేకపోతే స్కాటిష్ ఫుట్‌బాల్ చస్తుందని, అల్లర్లు కూడా జరుగుతాయని పెద్దలు బెదిరించారు. మిగతా క్లబ్బుల అభిమానులు అట్లా చేస్తే మేము సీజన్ టిక్కెట్లు కొనమన్నారు. యజమానుల చేతులు వణికాయి. జులైలో ఓటు వేసి కొత్త కంపెనీని నాలుగో శ్రేణికి పంపారు. ఫుట్‌బాల్ చావలేదు. రేంజర్స్ అభిమానులు కూడా ఊరుకోలేదు. నాలుగో శ్రేణి ఆటకు దాదాపు 50 వేలమంది వచ్చారు. ఆ విశ్వాసాన్ని చూసి గ్రీన్ బృందం డిసెంబరుకల్లా షేర్లు అమ్మకానికి పెట్టింది. అభిమానులు కొన్నారు, అక్కడ మోసపోయారు. కాని ఆ తరువాత మైక్ ఆష్లీ అనే బట్టల వ్యాపారి జట్టు చొక్కాల అమ్మకంలో సింహభాగం పట్టుకుపోతున్నాడని తెలిసి, చొక్కాలు కొనటమే మానేశారు. 2017లో ఒప్పందం తిరగరాయవలసి వచ్చింది. ఈ రెండు పనుల్లోనూ పరిహాసం పాత్ర సున్న.

సెల్టిక్ వాళ్లకు ఈ విద్య తెలియదా? వాళ్లే గురువులు. 1994 మార్చిలో వాళ్ల క్లబ్బే దివాలా అంచున వుంది. తరతరాలుగా క్లబ్బును చేతిలో పెట్టుకున్న కుటుంబాల మీద అభిమానులు తిరగబడి, ఒక ఆటకు వెళ్లకుండా మైదానాన్ని ఖాళీగా వదిలారు. రోజుల్లోనే యాజమాన్యం మారింది. ఇటువంటి చరిత్ర వున్నవాళ్లు పొరుగింటి జప్తు చూసి మురుస్తుంటే, తమ ఇంట్లో ఏం జరిగింది? 2012 గడిచిన ఒకటి రెండేళ్లకే, చిన్న జీతాల ఉద్యోగులకు బతకటానికి చాలిన వేతనం ఇవ్వమని సెల్టిక్‌లోని చిన్న షేర్‌దార్లు తీర్మానం పెడితే డైరెక్టర్లు తోసిపుచ్చారు. బీదవాళ్ల తిండి కోసం పుట్టిన క్లబ్బు! ఇక 2025లో చూడండి. రేంజర్స్‌ను అమెరికా పెట్టుబడిదారుల ముఠా కొనుక్కుంది. సెల్టిక్ బ్యాంకులో కోట్ల పౌన్లు మూలుగుతున్నా జట్టు మీద ఖర్చు పెట్టరేమని అభిమానులు గోల చేస్తే నవంబరులో వార్షిక సమావేశం మధ్యలోనే ఆగిపోయింది. ఒక గడపలో అప్పు, మరో గడపలో నిలవ, రెండిట్లోనూ అభిమానికి దక్కింది ఒకటే.

ఈ గ్లాస్గో భాగోతం మనకెందుకని అడిగేవాళ్లు హైదరాబాదు వంక చూడవచ్చు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు ఈ ఊరిది. 1956 ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తెచ్చిన రహీం సాహెబు ఈ ఊరివాడు. అటువంటి ఊళ్లో 2019లో పెట్టుబడిదారులు హైదరాబాద్ ఎఫ్‌సి అనే క్లబ్బు పెట్టారు. 2022 మార్చిలో అది ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. రెండేళ్లు తిరక్కుండా జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. ఊళ్లో వున్నవాళ్లను ఎవరూ అడగలేదు. జీతాలు రాని రోజుల్లో ఆ జట్టు మీద కట్టిన హాస్యోక్తులు నా విద్యార్థులే నాకు వినిపించారు. కొన్ని నిజంగా బాగున్నాయి, నవ్వు వచ్చింది. బాకీ ఎవరు పడ్డారో, ఎంత పడ్డారో వాటిలో ఒక్కదానిలోనూ లేదు. ఆటగాళ్లకు సరే, మైదానానికి నీళ్లు పట్టినవాడికి, చొక్కాలు ఉతికినవాడికి ఎన్ని నెలల జీతం నిలిచిపోయిందని అడిగాను. వాళ్లకు తెలియదు.