ఊకొట్టువారు లేని చదువు



కథ చెప్పువారికి ఊకొట్టువారుండవలెనని మన పెద్దలందురు. ఊకొట్టువారు నిద్రించినచో కథయు అచ్చటనే నిద్రించును. చదువునకును ఈ నియమమే వర్తించునని నేను తలంచుచున్నాను. ఈ నెల, ఒక దూరదేశపు భాషను మన ప్రాంతపు బాలికలు చేతిఫోనులందు నేర్చుకొనుటను గుఱించి ముచ్చటింప దలచితిని.

ఆ భాష స్పానిషు. స్పెయిను దేశమున పుట్టి, అమెరికా ఖండములకు వలసపోయి, నేడు ఇరువది దేశములలో రాజభాషయై యున్నది. దాదాపు 50 కోట్ల మందికి అది మాతృభాష. ఐక్యరాజ్యసమితివారు వ్యవహరించు ఆఱు భాషలలో నిదియొకటి. మనకిది కేవలము పరాయిదని యనుకొనరాదు. 1958లో హైదరాబాదున స్థాపింపబడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునందు స్పానిషును బోధించుచున్నారు. నల్లగొండనుండి గాని మహబూబునగరమునుండి గాని ఆ చోటు సుమారు నూఱు కిలోమీటర్లు. ఐనను దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల ఆడుపిల్లకు ఆ నూఱు కిలోమీటర్లే యొక సముద్రము.

ఆ సముద్రమును దాటింప నేడు చేతిలోనే యోడ యున్నది. ఆటవలె పదములు నేర్పు సాధనములు అనేకములున్నవి. 1713లో మాడ్రిడు నగరమున వెలసిన స్పెయిను భాషాపరిషత్తువారి నిఘంటువును పైసా వెచ్చింపక తెఱచి చూడవచ్చును. ఆ దేశపు రేడియోను మన వంటయింట కూర్చుండి వినవచ్చును. మా తాతగారు అమరమును వల్లించుటకు ప్రతిని ఎరవు తెచ్చుకొని చేతితో వ్రాసికొనిరట. నేడు కొఱతపడినది పుస్తకము కాదు, పాఠమును కాదు. మఱి కొఱత యెచ్చట?

మా పొరుగింటి వదినెగారి కుమార్తె ఇంటర్మీడియెటు చదువుచున్నది. పై విశ్వవిద్యాలయమున స్పానిషు చదువవలెనని కోరిక పుట్టి, ఫోనునందు అభ్యాసము నారంభించెను. ఆమె నేర్చు సాధనము దినదినమును లెక్కగట్టి, విడువక చదివిన దినములకు గుఱుతుగా చిన్న జ్వాలబొమ్మను చూపును. తొంబది దినములు బాలిక నిష్ఠగా సాగించెను. పిమ్మట జ్వరము వచ్చి వారముదినములు తప్పెను. లెక్క సున్నకు దిగెను. ఆ దినముతో చదువును నిలిచెను. "ఫోను పట్టుకొని కూర్చుండుటకు ఇదియొక సాకు వదినా! బీరువాలో పెట్టి తాళము వేసెదను" అని తల్లి నాతో ననెను.

లెక్కపెట్టుట తప్పు గాదు. మనమును నోములు పట్టి దినములు లెక్కించుచునే యున్నాము. కాని నోమునందు లెక్కయొక్కటియే లేదు. కథ చెప్పుకొనవలెను, అక్షతలు వేసికొనవలెను, తుదకు వాయనము పుచ్చుకొనుటకు ఎదుట నొక ముత్తైదువ యుండవలెను. పుచ్చుకొనువారు లేనిచో నోము తీరదు. ఆ బాలిక తొంబది దినములు నేర్చిన మాటలను పుచ్చుకొనువారు ఆ యింట నొక్కరును లేకపోయిరి.

ఇది ఫోనునకే చెల్లు మాట కాదు. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడియున్నప్పుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారములద్వారా పాఠములు చెప్పబడెను. పాఠము అందఱకు నొక్కటియే. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే సాయంకాలము పిల్లల యిండ్లకు ఫోనుచేసి, "నేడేమి చూచితివి? నాకు చెప్పుము" అని యడుగుచుండిరి. ఇంట అడుగువారున్న పిల్లలు మఱునాడును పాఠమునకు కూర్చుండిరి. అడుగువారు లేనిచోట బొమ్మ తెఱపై నడచుచునే యుండెను, పిల్లవాడు మేకలవెంట పోయెను.

సాధనములు తక్కువయైనను, వినువారున్నచో చదువెట్లు నిలుచునో మన జిల్లాలకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. నిజాము ప్రభుత్వమున ఉన్నతవిద్య ఉర్దూభాషయందు సాగు దినములలో, 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడెను. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా, పాలమూరు జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలను సమకూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వినువాడొకడు గలడని తెలిసినంతనే మాఱుమూల గ్రామములనుండియు పద్యములు వచ్చి చేరెను.

"నాకా భాష రాదే, నేనేమి వినగలను?" అని వదినెగారు నన్నడిగిరి. తెలుగు వచ్చిన చాలునంటిని. ఏలయన స్పానిషు మన చెవికి అంత క్రొత్తది గాదు. దాని అచ్చులు ఐదే, పలుకుబడి చాలవఱకు వ్రాతను బట్టియే నడచును. పెక్కు మాటలు మన మాటలవలె అచ్చుతో ముగియును. కాసా యనగా ఇల్లు, లీబ్రో యనగా పుస్తకము, ఆగ్వా యనగా నీరు. నేటి ఇంగ్లీషు వాడుకలో నీవు, మీరు అను భేదము లేదు. స్పెయినువారు చనువుగలవారిని "తూ" అనియు, గౌరవింపదగినవారిని "ఉస్తెద్" అనియు పిలుతురు. మనము "నాకు నచ్చును" అన్నట్లే వారు "మె గుస్తా" అందురు. "నాకు తల నొచ్చుచున్నది" అనుటకు "మె దుయేలె లా కబేసా" అందురు. ఈ రెంటను "మె" యనగా మన "నాకు" అన్నమాటయే.

ఇంక రేఫముల ముచ్చట. వీధి అరుగునకు సాధురేఫము, తిన్నది అఱుగుటకు శకటరేఫము అని మా నాయనగారు నాకు నేర్పిరి. పలుకుటలో ఆ భేదమును మనము మఱచితిమి, స్పానిషువారు మఱవలేదు. నాలుక నొక్కమాఱు తాకించి "పెరో" యన్నచో "కాని" యని యర్థము. నాలుకను గలగలలాడించి "పెర్రో" యన్నచో కుక్క! ఇది విని వదినెగారు నవ్విరి. నవ్వి, బీరువా తాళము తీసిరి.

నాటినుండి ఒక నియమము పెట్టుకొంటిమి. సాయంకాలము తల్లి జొన్నరొట్టెలు చేయుచుండగా కుమార్తె పీట వేసికొని కూర్చుండి, ఆ దినము నేర్చినదానిని తెలుగున చెప్పవలెను. తల్లి ఊకొట్టవలెను, ఒక ప్రశ్న వేయవలెను. మొదటిదినము తల్లి టమాటాను చూపి "దీనినేమందురు?" అనెను. "తొమాతే" యని చెప్పి, ఆ కాయయు, మిరపకాయయు, వేరుసెనగయు, మన పాలమూరు అంగళ్ల సీతాఫలమును ఒకప్పుడు అమెరికా ఖండములనుండి వచ్చినవేయని పిల్ల వివరింపగా, తల్లి రొట్టె మాడుటను గమనింపలేదు. మఱునాటి ప్రశ్న వేఱు: "కోడలు అత్తగారిని తూ అనునా, ఉస్తెద్ అనునా?" దానికి బదులు వెదకుటకు పిల్ల తానై పాఠమును తెఱచెను. జ్వాలబొమ్మ చేయలేనిదానిని తల్లి ప్రశ్న చేసెను.

నాలుగు నెలలైనది. పిల్ల పండితురాలు కాలేదు, క్రియల భూతకాలములయందు తడబడుచునే యున్నది. కాని నడుమ పరీక్షలకై పదిదినములు మానినను, మరల ఎవరును చెప్పకయే కూర్చుండెను.

ఇట్టి చదువు మీ యిండ్లలో నున్నచో కొన్ని మాటలు గుఱుతుంచుకొనుడు. పది సాధనములు వద్దు. ఒక పాఠక్రమము, ఒక నిఘంటువు, వినుటకొక పాటయో వార్తయో చాలును. దినమునకు అరగంట, నట్టింట కూర్చుండి చదువనిండు. మాటను బిగ్గరగ పలికింపుడు. వారమున కొకసారి అయిదు వాక్యములు చేతితో వ్రాయింపుడు. తెఱపై వేలితో తాకి చూపినది గుఱుతుపట్టుట మాత్రమే, నోట పలికినదియు చేత వ్రాసినదియు వచ్చిన చదువు. సంభాషణాభ్యాసము పేర క్రొత్తవారితో మాటలాడవలసినచో పెద్దలు ప్రక్కన నుండుడు. ఇంటి చిరునామాను చెప్పనీయకుడు. "దీనివలన లాభమేమి?" అని మొదటి దినముననే యడుగకుడు. హైదరాబాదు కార్యాలయములలో ఆ భాష వచ్చినవారికి పని దొరకుట కలదు, కాని మొలకకు నీరు పోయుచునే పండు నడుగరాదు గదా.

కడపట నొక్క మనవి. కుమారుడు ఫోను పట్టినచో చదువనియు, కుమార్తె పట్టినచో చెడుననియు తలంచు అలవాటు మన యిండ్లనుండి యింకను పోలేదు. అనుమానించుటకు నిమిషము చాలును, వినుటకు అరగంట పట్టును. ఆ అరగంటను ఇచ్చిన తల్లికి, కుమార్తె యేమి చదువుచున్నదో బీరువా తాళము లేకయే తెలియును.