పాత డీజిల్ బండా, కొత్త పెట్రోల్ బండా? కాగితాల ఖర్చూ లెక్కలో వేయాలి

ఢిల్లీ నంబరు పాత డీజిల్ ఎస్‌యూవీలు చౌకగా దొరుకుతున్నాయంటే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లోని మనవాళ్లకు ఆశ కలగడం సహజం. ఆ చౌకకు కారణం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలింపు ఇచ్చినా యజమానుల భయం పూర్తిగా పోలేదు.

అయితే అక్కడి ధరతో ఖర్చు తీరదు. మరో రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అంటే పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, లోను తీరినట్టు ఫారం 35, ఇక్కడ మళ్లీ పన్ను. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 5,000 రూపాయలు.

మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లకు, 1,200 సీసీకి మించని పెట్రోల్ కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. చిన్న ఎస్‌యూవీలు కొన్ని ఇందులోకే వస్తాయి. పెద్దవాటికి 40 శాతం.

వాడకమూ చూడాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బడికీ బజారుకూ మాత్రమే తిప్పితే అది పూడుకుపోతుంది. మార్చాలంటే పెద్ద ఖర్చు. ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్లడానికి డీజిల్ అక్కర్లేదు. వ్యాపారం మీద రోజూ హైవే ఎక్కేవారికి మాత్రం డీజిల్ ఇప్పటికీ గిట్టుబాటే.

అలాంటివారు సొంత రాష్ట్రం నంబరు బండినే చూసుకోవడం మేలు. బయటి బండే కావాలంటే, ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకండి.