కడలియు కొండయు: మన విహారయాత్రలను గూర్చి

పుష్యమాసము సమీపించినతోడనే మన పాఠశాలలో విహారయాత్రా ప్రసంగము మొదలగును. విశాఖపట్టణమునకు పోయి సముద్రము చూతమని కొందరును, అరకులోయకు పోయి కొండలెక్కుదమని కొందరును వాదులాడుదురు. తుదకు ఉభయపక్షములను తృప్తిపరచుటకై రెంటిని కలిపి రెండు దినములలో ముగింతురు. రెంటిని కలుపుట మంచిదే యని మా అభిప్రాయము. కాని కలుపుచున్న తీరు మాత్రము మంచిది కాదు. ఈ సంగతినే చదువరులకు మనవి చేయదలచితిమి.

గడచిన యేటి యాత్రలో మేమును ఉంటిమి. తెల్లవారుజామున విశాఖ చేరి, రామకృష్ణా బీచిలో అరగంట నిలిచి, ఒడ్డున ప్రదర్శనశాలగా నుంచబడిన కురుసుర జలాంతర్గామిని వరుసగా నడచి చూచి, మధ్యాహ్నము కాకుండగనే బస్సెక్కితిమి. ఘాటురోడ్డు మలుపులలో పలువురకు వాంతులైనవి. బొర్రా గుహలలో ముప్పావుగంట గడపితిమి. అరకు చేరునప్పటికి చీకటిపడెను. మరునాడు మంచు విడకముందే తిరుగుప్రయాణము. ఇల్లు చేరిన పిమ్మట, చిన్న తరగతి బాలుడొకడు "బొర్రా గుహలో పారు యేరు ఎక్కడికి పోవును?" అని మమ్మడిగెను. మాలో నొక్కరును బదులు చెప్పలేకపోయితిమి. సెల్‌ఫోనుల నిండ బొమ్మలు తెచ్చితిమి గాని, ఆ చిన్న ప్రశ్నకు సమాధానము తేలేకపోయితిమి. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఆ యేరు గోస్తనీనది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలలోనుండి వెలువడి, మైదానమునకు దిగి, తాటిపూడి జలాశయమున నిలిచి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియుచున్నది. తాటిపూడి నీరు విశాఖపట్టణ వాసులకు త్రాగునీరుగా పోవుచున్నది. అనగా మనము బీచిలో నిలిచి దాహము తీర్చుకొన్న నీటిలో కొంత ఆ కొండలదే కావచ్చును. కడలి వేరు, కొండ వేరు అని వాదులాడిన మనకు, ఆ రెంటిని ఒక యేరు ఏనాడో కలిపియుంచినదని తెలియలేదు.

కావున మా సూచన యిది. యాత్ర నాలుగు దినములుండవలెను. అది నది వెంట, క్రిందినుండి మీదికి సాగవలెను. మొదటిదినము విశాఖపట్టణము. 1933వ సంవత్సరమున తెరువబడిన రేవును, డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్మును చూడవలెను. ఆ కొమ్మే గదా రేవునకు గాలివానలనుండి మరుగైనది. సముద్రస్నానమునకు మాత్రము ఎవరును దిగరాదు. అచ్చటి లోప్రవాహములు ఈతగాండ్రను సయితము లాగుకొనిపోవును.

రెండవదినము భీమిలి త్రోవ. దారిలో తొట్లకొండ యున్నది. సముద్రమునకెదురుగా సుమారు 128 మీటర్ల యెత్తున బౌద్ధభిక్షువులు విహారము కట్టుకొని నివసించిరి. వాననీటిని నిలువచేయుటకు వారు రాతిలో తొలిచిన తొట్లవలననే కొండకు ఆ పేరు కలిగెను. ఈ కొండను బస్సుమీద గాక కాలినడకను ఎక్కవలెను. కాలువగట్టుకంటె ఎత్తైన నేల నెక్కియెరుగని డెల్టా పిల్లలకు ఇది తగిన మొదటి పాఠము. సాయంకాలమునకు భీమిలి చేరి, గోస్తని సముద్రమున పడుచోట నిలిచి చూడవలెను.

మూడవదినము రైలు. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపుటకై 1960వ దశకమున కొండలను తొలిచి వేసిన మార్గమిది. సొరంగము వెనుక సొరంగము దాటుచు, 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగూడ స్టేషనువరకు బండి యెగబ్రాకును. మనము అంతకుముందే బొర్రాలో దిగవలెను. ఆమ్లముకలసిన వాననీరు సున్నపురాతిని కరగించి గుహను తొలిచినదనియు, కప్పునుండి జారు బొట్టుబొట్టున మిగిలిన సున్నమే స్తంభములుగా పేరినదనియు మనము భూగోళశాస్త్రమున చదివితిమి. ఒక్క బొట్టు రాలువరకైన నిలిచి చూడనిదే ఆ చదువు చదువగునా? పిమ్మట కటికి జలపాతమునకు నడక. జీపులు కొంతదూరమే పోవును, తక్కినది కాలిబాట. అక్కడ దుముకునదియు గోస్తనియే. నిన్న సముద్రమున కలియగా చూచిన నీటిని నేడు శిలలమీద దుముకగా చూచుట ఎట్టి యానందమో వేరుగ చెప్పనేల?

నాలుగవదినము సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులోయ. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపుతీగెలు ప్రాకగా, వాని నీడను కాఫీమొక్కలు పెరుగుచుండును. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళికగుర్తింపు లభించినది. పండు కోయువారు, ఎండబెట్టువారు అచ్చటి గిరిజనులే.

ఈ గిరిజనులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మన యాత్రికులలో పలువురు వారిని చూడదగిన వింతలలో నొకటిగ నెంచుచున్నారు. అడుగకయే బొమ్మలు తీయుదురు. దింసా నాట్యమాడు స్త్రీలకు చిల్లర విసరుదురు. మేము తిని పారవేసిన కాగితములను, సీసాలను ఒక వృద్ధుడు మాటలాడకయే ఏరి సంచిలో వేసికొనుట గడచినయేడు మేము కన్నులార చూచితిమి. లేచి సాయపడినవారు మాలో ఇద్దరే. ఆ కొండలు వారి యిల్లు. షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనుల కౌలుకిచ్చుట చెల్లదని 1997వ సంవత్సరమున సమతా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము ఈ అనంతగిరి, బొర్రా గ్రామముల గనులనుగూర్చి పుట్టినదే. పరుల యింటికి పోవువాడు వాకిట చెప్పులు విడుచును గదా! ఆ మాత్రపు మర్యాద కొండయెడలను చూపవలదా?

మా సూచనకు ఆక్షేపణలు లేకపోవు. నాలుగుదినములకు వ్యయ మధికమని తలిదండ్రు లనవచ్చును. ప్రత్యేకపు బస్సు మాని సాధారణపు రైలుబండి నెక్కినచో కొంత భారము తగ్గును. ఏటేట రెండు దినములు పోవుటకంటె రెండేండ్లకొకసారి నాలుగుదినములు పోవుట మేలు. నడక అపాయకరమని మరికొంద రనవచ్చును. వానకాలమున బండలు జారును గనుక అప్పుడు పోరాదు. శీతకాలమున, ఆ యూరివారి నొకరిని తగిన కూలిచ్చి దారిచూపుటకు వెంటగొని, చీకటిపడకముందే మరలినచో అంతగా భయపడ నవసరము లేదు. నడువలేని సహపాఠి యున్నయెడల వానికి తోడుగా మరియొకడు నిలువవలెను. యాత్రలో నేర్వదగిన పాఠములలో అదియు నొకటి.

ప్రధానోపాధ్యాయులవారును, ఉపాధ్యాయులును ఈ మనవిని ఆలోచింతురుగాక. వచ్చు సంచికనాటికి మనలో నెవ్వరైన అట్టి యాత్రచేసి వచ్చినచో, వారి వృత్తాంతమును ఈ పుటలందే చదువ గోరుచున్నాము. ఆ చిన్న తరగతి బాలుని మాత్రము తప్పక వెంట తీసికొని పోవలెను.