బాగానే మండుతోంది కదా!

మొన్న పండక్కి ఎమ్మిగనూరు వెళ్ళాను. అమ్మ వంటింట్లో గ్యాస్ ట్యూబు కాస్త వంచి చూస్తే సన్నటి పగుళ్ళు. దానిమీద అచ్చేసిన సంవత్సరం 2016. "ఏం కాదులే నాయనా, బాగనే మండతాంది కదా" అంది అమ్మ. అమ్మనేమీ అనలేను గానీ, ఇదే మాట నా టీములో ఎవరైనా సర్వర్ గురించి అంటే ఊరుకుంటానా?

అసలు ఈ టపా అమ్మల మీద కాదు, మనమీద. నాలుగు బర్నర్ల గ్లాస్ టాప్ పొయ్యి బెంగుళూరు నుంచి ఆర్డరిచ్చిన ఘనుణ్ణి నేనే. దానికి పాత ట్యూబే తగిలించారని అడగనిదీ నేనే.

"లీకైతే వాసనొస్తుందిగా" అంటారు. గ్యాసుకి సొంత వాసన ఉండదు, మనకి తెలియాలని మెర్‌కాప్టన్ కలుపుతారు. అరవై దాటాక ఎంతోమందికి ముక్కు మొద్దుబారుతుంది. పైగా ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. నిలబడి వంట చేసే మనిషి ముక్కుదాకా ఎప్పుడొస్తుంది మరి?

స్కూబా డైవర్లని చూడండి (తాగే నీళ్ళకే కటకటలాడే చోట స్కూబా ఏంట్రా అంటారా :)). పని ఒకటే, సిలిండర్లో ఒత్తిడిని తగ్గించి ఇవ్వడం. వాళ్ళ సిలిండర్లో 200 బార్ దాకా ఉంటుంది, మన వంటింటి రెగ్యులేటర్ పొయ్యికిచ్చేది సుమారు 30 మిల్లీబార్లు. వాళ్ళు రెగ్యులేటర్ సర్వీసుకిస్తే లోపలి ఓ-రింగులు చూడ్డానికి బాగున్నా మార్చేస్తారు. రబ్బరు కంటికి బాగుంటూనే బిగుసుకుపోతుంది కాబట్టి. 1986 జనవరి 28న చాలెంజర్ కూలింది చలికి బిగుసుకున్న ఓ-రింగు వల్లే. ముందురాత్రే ఇంజనీర్లు వద్దన్నారు. "ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా" అన్న ధోరణే గెలిచింది, ఏడుగురు పోయారు.

అలాగని అన్నీ క్యాలెండర్ చూసి మార్చేసేవాళ్ళతోనూ నాకు పేచీయే. తేదీ పట్టింపు ట్యూబుకి: సురక్ష ట్యూబు అయిదేళ్ళు, పగిలితే ఆ రోజే. సిలిండర్ వాల్వులో ఉండే ఓ-రింగు కథ వేరు. కొత్త సిలిండర్ వచ్చిన ప్రతిసారీ మూత తీయించి, సబ్బునురగ రాయించి చూడాల్సిందే. బుడగొస్తే సిలిండర్ తెచ్చినతను అక్కడే మార్చాలి, లేదా సిలిండరే వెనక్కి. గేటు దగ్గర దించేసి పోతానంటే పోనివ్వకండి. రెగ్యులేటర్ సరిగ్గా కూర్చోకపోయినా, నాబ్ వదులైనా, బుస్సుమన్నా డీలర్ దగ్గరికి. స్క్రూడ్రైవర్ పెట్టి మీరు విప్పొద్దు, ఇంజనీరైతే మరీ విప్పొద్దు. అన్నట్టు సిలిండర్ మీద ఏ, బీ, సీ, డీ అని అక్షరం పక్కన సంవత్సరం ఉంటుందే, అది సిలిండర్‌కి మళ్ళీ పరీక్ష చేయాల్సిన గడువు. గ్యాసు ఎక్స్‌పైరీ కాదు, వాట్సాప్‌లో ఏమొచ్చినా సరే.

ముట్టుకుంటే కొత్త లీకు పుడుతుందనే వాదన ఒకటుంది. అది నిజమే. మర్నాడు ఆదోనిలో కొత్త ట్యూబు కొనుక్కొచ్చి నేనే తగిలించాను. నురగ రాస్తే పొయ్యి వైపు బుడగలు! పూర్తిగా లోపలికి నెట్టలేదు. మళ్ళీ నెట్టి, మళ్ళీ రాసి, అప్పుడు వెలిగించాం. పాత ట్యూబు మొక్కలకి నీళ్ళు పట్టడానికి పనికొస్తుందని అమ్మ దాచబోయింది. ముక్కలు కోసి పారేశాను.