నడుము నొప్పియు, త్రాగు నీరును

మన ఉదయగిరి సీమలో నడుము పట్టినవాడు మొదట తలంచునది తానెత్తిన బరువును, పిదప వాతమును, అప్పటికిని తగ్గనిచో వయస్సును. ఆముదము కాచి మర్దన చేయుదురు. ఇసుకమూటతో కాపడము పెట్టుదురు. త్రాగు నీటినిగూర్చి విచారించువారు అరుదు. మనవంటి మెట్ట ప్రాంతమున ఆ విచారణయే ముందు జరుగవలెనని నా అభిప్రాయము.

ఇది క్రొత్తగా పుట్టిన మాట కాదు. 1937వ సంవత్సరమున గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి అనువారు నెల్లూరు జిల్లా పల్లెలలో వెన్ను బిగిసి వంగిపోయిన వారిని పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే దానికి కారణమని ఇండియన్ మెడికల్ గెజెట్టునందు ప్రకటించిరి. నెల్లూరు పేరు లోకమున వరికి ప్రసిద్ధము. వైద్యగ్రంథములందు మాత్రము వంగిన వెన్నునకు ప్రసిద్ధమైనది. ఇది గర్వింపదగిన కీర్తి కాదు.

భూమిలోని రాతిపొరలనుండి ఈ పదార్థము నీటిలో కరుగును. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1 మిల్లీగ్రామునకు లోబడియుండుట మేలని మన దేశపు ప్రమాణము. అంతకు మిక్కిలిగానున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో, అది ఎముకలయందును, వానిని బంధించు నరపు పట్టీలయందును పేరుకొని వానిని బిగియించును. మొదట నడుమును మెడయు నొచ్చును; పిదప వెన్ను కఱ్ఱవలె బిగియును; మిక్కిలి ముదిరినచో వెన్నుపాము నొక్కబడి కాళ్లు చచ్చుపడును. అట్లు ముదిరినదానిని వెనుకకు మరల్పగల మందు లేదు. తొలిదశలోనే నీరు మార్చినచో నొప్పి తగ్గవచ్చును. కావుననే ఆలస్యము కూడదని ఇంతగా చెప్పుచున్నాను.

"మేము నీళ్లు కాచియే త్రాగుచున్నాము గదా!" అని కొందరు తల్లులు అనుచుందురు. కాచుటవలన క్రిములు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. కొంత నీరు ఆవిరియగుటచే మిగిలినదానిలో దాని పాలు హెచ్చును గూడ.

ఐనను నడుము నొప్పులన్నియు నీటివలన కలుగునవి కావు. బరువులెత్తుటచేతను, గంటల తరబడి వంగి నాట్లు వేయుటచేతను వచ్చు నొప్పి పెక్కుమారులు కొన్ని వారములలో తానే తగ్గును. అట్టివారు మంచము పట్టక మెల్లగా తిరుగుచుండుట మంచిది. కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము అదుపు తప్పినను, జ్వరముతో శరీరము చిక్కుచున్నను వెంటనే వైద్యుని చూడవలెను; వెన్నెముకకు క్షయ సోకుటయు కలదు.

విద్యార్థులారా, మీ యింటి పెద్దలను మోకాళ్లు వంచక కాలివ్రేళ్లను ముట్టుమనుడు. గడ్డము ఱొమ్మునకు తాకింపుమనుడు. చేతులు తలవెనుకకు చేర్పుమనుడు. చేయలేనిచో అది వ్యాధికి ఋజువు కాదు, పరీక్షకు పోవలయునను సూచన మాత్రమే. మీ తమ్ముల పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలుగాని, గోధుమరంగు చారలుగాని ఉన్నవేమో చూడుడు. పండ్లు ఏర్పడు బాల్యముననే ఈ నీరు వానిని చెఱచును.

ఆత్మకూరు వైపువారికి పెన్నయు, సోమశిల జలాశయమును చేరువ. నదీజలములందు సాధారణముగా ఫ్లోరైడు స్వల్పము. కొండల నడుమనున్న మన పల్లెలకు బావులే గతి. పైకప్పుపై పడు వాననీటిని శుభ్రమైన తొట్టిలో పట్టుకొన్నను, త్రాగుటకును వంటకును మాత్రము మంచినీరు వేఱుగా తెచ్చుకొన్నను చాలును; స్నానమునకు ఆ బావినీరే వాడవచ్చును. పటికయు సున్నమును కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి యొకటి కలదుగాని, నీటిని పరీక్షింపక కొలత నిర్ణయింపరాదు. పాలు, రాగులు, ఆకుకూరలు తినువారి ఎముకలు దీనికి కొంత తట్టుకొనును.

మన పాఠశాలవారికి నా విన్నపమొకటి. ప్రతి విద్యార్థియు తన యింట త్రాగు నీటిని లీటరు ప్లాస్టిక్కు సీసాలో తెచ్చి, దానిపై ఊరిపేరును, బావి గుఱుతును వ్రాయవలెను. వానిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపి, వచ్చిన అంకెలను తాలూకా పటముపై గుర్తించి, పాఠశాల గోడకు తగిలింపవలెను. ఆదివారము బడికి వచ్చు తల్లిదండ్రులు ముందుగా చూచునది ఆ పటమే కావలెను.