ఐస్‌లాండ్‌లో హడావుడి వద్దు!

అగ్నిపర్వతాల దీవి ఐస్‌లాండ్ చూడాలనుందా? అయితే ముందు నెల తేల్చుకోండి. జూన్‌లో అక్కడ చీకటే పడదు, ఇక ధ్రువకాంతులు ఎక్కడివి! వాటికోసమైతే సెప్టెంబరు-మార్చి మధ్య వెళ్లాలి. డిసెంబరులోనేమో పగలు నాలుగైదు గంటలే మరి.

దేశాన్ని చుట్టే రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్ల పైమాటే. నాలుగు రోజుల్లో తిరిగేద్దామనుకుంటే చూసేదంతా కారు అద్దంలోంచే. హాయిగా రాజధాని రేక్యావిక్‌లో దిగండి. థింగ్‌వెల్లిర్ లోయ, గేసిర్ వేడినీటి బుగ్గలు, గుల్‌ఫాస్ జలపాతం ఒక్కరోజులో చూసి రావచ్చు. గేసిర్ దగ్గరి స్ట్రోకర్ బుగ్గ పది నిమిషాలకోసారైనా ఎగజిమ్ముతుంది. ఫొటోకి ఆమాత్రం ఓపిక చాలు.

మరో రోజు దక్షిణ తీరానికి. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి ఓ పెద్ద అల ఒడ్డు మీదికొచ్చి మనిషిని లాక్కుపోతుంది. పర్యటకులు ప్రాణాలు పోగొట్టుకున్న చోటది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు.