పొటాష్ బస్తా 223 రూపాయలున్న రోజు

2025 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎరువుల గోదాముల ముందు చెప్పులు వరస కట్టాయి. వాటి పక్కన పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు, అవి గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న చిన్న రాళ్లు. తెల్లవారుజామున వచ్చి చెప్పులు వదిలిన మనిషి చెట్టు కింద కూర్చుని లారీ కోసం ఎదురుచూశాడు. క్యూ ఇంకా కదలనే లేదు, టీవీల్లో పాఠం మొదలైంది. రైతు యూరియా అతిగా వాడుతున్నాడట, నేల చచ్చిపోతోందట, అవగాహన పెంచాలట. ఏటా ఇదే పాఠం. మంత్రులు చెబుతారు, అధికారులు చెబుతారు, సంపాదకీయాలు చెబుతాయి. నేల పాడవుతున్నమాట నిజం. దానికి రైతు అజ్ఞానం కారణమన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధాన్ని తేల్చడానికి ఒక్క లెక్క చాలు. చిత్రమేమిటంటే ఆ లెక్కను ఎవరూ ఎత్తరు.

2010 మార్చిలో పొటాష్ టన్ను ధర 4,455 రూపాయలు. 50 కిలోల బస్తా 223 రూపాయలన్నమాట. అదే నెలలో పన్నులు పక్కన పెడితే యూరియా బస్తా 241 రూపాయల యాభై పైసలు. మరోసారి చదవండి. యూరియా కంటే పొటాషే చవక. భాస్వరం ఇచ్చే డీఏపీ బస్తా 468. ఆ ఏడాది దేశం మొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 4.3:2:1 నిష్పత్తిలో ఉంది. శాస్త్రవేత్తలు ఆదర్శమని చెప్పే 4:2:1కి అది కూతవేటు దూరం.

ఆ తర్వాత 2010 ఏప్రిల్ 1న పోషక ఆధారిత సబ్సిడీ విధానం వచ్చింది. భాస్వరం, పొటాష్ ఎరువులకు సబ్సిడీని ఒక మొత్తానికి కట్టేసి, ధరను కంపెనీలకూ అంతర్జాతీయ మార్కెట్‌కూ వదిలేశారు. యూరియాను మాత్రం ఆ విధానం బయటే ఉంచారు. దాని ధర పెద్దగా పెంచే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. మూడేళ్లు తిరిగేసరికి పొటాష్ బస్తా 800 దాటింది. డీఏపీ 1,200 దాటింది. యూరియా 268 దగ్గర ఆగింది. వాడకం నిష్పత్తి 8.2:3.2:1 అయింది.

4.3 నుంచి 8.2కి, మూడేళ్లలో. ఈ మూడేళ్లలో నేల స్వభావం మారలేదు. పంటలూ పెద్దగా మారలేదు. కోట్ల మంది రైతులు ఉన్న తెలివి పోగొట్టుకుని ఒక్కసారిగా అజ్ఞానులైపోలేదు. మారింది ధర ఒక్కటే. 223 రూపాయలకు దొరికినన్నాళ్లూ పొటాష్ వేసిన రైతే, అది 800 అయ్యాక చేయి వెనక్కి తీసుకున్నాడు. దీన్ని అవగాహన లోపం అనేవాళ్లు ముందు తమ అవగాహన పరీక్షించుకోవాలి.

పొలంలో ఏం జరుగుతుందో కూడా చూడాలి. వరికి పైమందుగా యూరియా చల్లితే నాలుగైదు రోజుల్లో పైరు కంటికి ఆనుతుంది. పాలిపోయిన ఆకు నల్లపచ్చగా తిరుగుతుంది. గట్టు మీద నడిచే వాడెవడైనా 'మందు పడ్డట్టుందే' అంటాడు. పొటాష్ అలా కనిపించే మందు కాదు. అది కాండంలో గట్టితనం, గింజలో పాలు, తెగుళ్లను తట్టుకునే బలం. వేశాక వారానికి చూస్తే ఏ మార్పూ కనపడదు. అక్టోబరులో వాన గాలి కొట్టినప్పుడు పక్క మడి పడిపోయి మనది నిలబడితే, అప్పుడు తెలుస్తుంది. కనపడే మందు చవగ్గా, కనపడని మందు ప్రియంగా ఉంటే కౌలు కట్టి, వడ్డీకి తెచ్చి సేద్యం చేసేవాడు ఏది కొంటాడు?

మడిలో వేసిన యూరియాలో పైరుకు అందేది మూడో వంతు, మహా అయితే అంతకు కొంచెం పైన. మిగతాది గాలిలో కలుస్తుంది, నీళ్లతో పోతుంది, కొంత భూగర్భ జలంలోకి నైట్రేట్‌గా దిగుతుంది. నత్రజని ఎక్కువైన పైరు మెత్తబడి ఏపుగా పెరుగుతుంది. ఆ మెత్తటి మొదళ్లలోకే సుడిదోమ దిగుతుంది, అగ్గితెగులు అంటుకుంటుంది. అప్పుడు పురుగుమందుల ఖర్చు. యూరియాతో మిగిలిందనుకున్న డబ్బు ఆ డబ్బాలకు పోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. నత్రజని తోసుకొచ్చిన పెరుగుదలకు కావలసిన పొటాష్, జింకు, గంధకం ఎక్కడి నుంచి వస్తాయి? మనం వేయకపోతే నేల తన నిల్వలోంచి తీసి ఇస్తుంది. వరి పీల్చుకున్న పొటాష్‌లో ముప్పావు వంతుకు పైగా గడ్డిలోనే ఉంటుంది. కోత మిషన్ వెనకాలే గడ్డిని కట్టలు కట్టి లారీకెత్తితే ఆ పొటాష్ ఊరు దాటి పోతుంది. ఒకప్పుడు పెంటదిబ్బలుండేవి, గొర్రెల మందలు పొలంలో పడుకునేవి, ఎంతో కొంత తిరిగి నేలకు చేరేది. ఇప్పుడు చాలా ఊళ్లలో దిబ్బే లేదు.

ఒక్క నత్రజనితో సేద్యం చేస్తే చివరికి ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు, ప్రయోగం చేసి చూశారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టింది. అదే మడిలో, అదే ఎరువు, దశాబ్దాల పాటు. హిమాచల్‌ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో మొక్కజొన్న, గోధుమ వేసిన ఒక మడికి ఏటా నత్రజని మాత్రమే ఇచ్చారు. కొన్నేళ్లకు నేల పులుపెక్కి, ఆ మడి దిగుబడి సున్నాకు పడిపోయింది. తగ్గడం కాదు, సున్నా. మూడు పోషకాలతో పాటు పశువుల ఎరువు వేసిన మడులు మాత్రం నిలబడ్డాయి. మన జగిత్యాలలో కూడా ఈ ప్రయోగాల కేంద్రం ఉంది. నిజమే, మన నల్లరేగళ్లు పాలంపూర్ నేలల్లా పులుపెక్కవు, సున్నం వాటిని కాపాడుతుంది. కానీ పోషకాల ఖజానా ఖాళీ కావడానికి నేల పులుపెక్కనక్కర్లేదు.

ఇంతకీ ప్రభుత్వాలు ఏం చేశాయి? 2015 ఫిబ్రవరిలో కేంద్రం భూసార కార్డుల పథకం పెట్టింది. మంచి ఆలోచనే. పన్నెండు అంశాలు పరీక్షించి, ఏ మందు ఎంత వేయాలో రాసిస్తారు. కానీ నమూనా ఎలా తీశారు? సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మిట్ట చేనూ, పల్లపు చేనూ, పదేళ్లుగా చెరువు మట్టి తోలుకున్న వాడి చేనూ, ఒక్క బండి కూడా తోలని వాడి చేనూ ఒకే కార్డులో. ఎకరంన్నర రైతు అది తన నేల గురించి చెబుతోందని ఎందుకు నమ్మాలి? ఒకవేళ నమ్మి, కార్డులో 'పొటాష్ తక్కువ' అని చదివి అంగడికి వెళితే, అక్కడ బస్తా ఎంత? నేడు 1,500 పైనే. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలు. కార్డు ఒక మాట చెబుతుంది, ధర ఇంకో మాట చెబుతుంది. రైతు ధర మాట వింటాడు. ఎవరైనా అంతే.

ఆపైన 2017 నవంబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో 2022 నాటికి యూరియా వాడకం సగానికి తగ్గించాలని రైతులను కోరారు. అప్పుడు ఏటా సుమారు 300 లక్షల టన్నులు అమ్ముడయ్యేది. 2022-23లో 357 లక్షల టన్నులు అమ్ముడయింది. 2018లో బస్తా బరువు 50 కిలోల నుంచి 45కి కోశారు. రైతు బస్తాల లెక్కన వేస్తాడు కాబట్టి చిన్న బస్తా ఇస్తే తక్కువ వేస్తాడట. ఆ తర్వాత గంధకం పూత పూసిన 40 కిలోల బస్తా. వేపపూత, నానో యూరియా సీసా అన్నీ వచ్చాయి. 2023-24లో నిష్పత్తిలో నత్రజని వాటా 10.9కి చేరింది. 4.3 నుంచి 10.9. ధర తప్ప మిగతావన్నీ మార్చి చూశారు.

4:2:1 శిలాశాసనమేమీ కాదని కొందరు వ్యవసాయ శాస్త్రజ్ఞులు అంటారు. ఒప్పుకుంటాను. మన నల్లరేగళ్లలో పొటాష్ సహజంగానే ఎక్కువ. ఏళ్ల తరబడి డీఏపీ పడ్డ చాలా పొలాల్లో భాస్వరం పేరుకుపోయింది, అక్కడ ఇంకా వేయడం దండగే. కానీ ఎర్ర చల్కలు, ఇసుక దుబ్బలు అలాంటివి కావు. పైగా నా వాదన ఆ నిష్పత్తి మీద కాదు. మూడేళ్లలో అది దాదాపు రెట్టింపు ఎందుకయిందన్నదే నా ప్రశ్న. ఇక రసాయన ఎరువులే మానేస్తే పోలేదా అనేవాళ్లు శ్రీలంక వైపు చూడాలి. 2021 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి నిషేధించి, నవంబరులో వెనక్కి తగ్గారు. అప్పటికే ఆలస్యమై ఆ సీజన్ వరి దిగుబడి కుప్పకూలింది.

చేయాల్సింది కష్టమే, కానీ తెలియనిది కాదు. యూరియాను కూడా పోషక సబ్సిడీ కిందికి తేవాలి. ధర మెల్లగా, ముందే చెప్పి, మెట్లు మెట్లుగా పెంచాలి. అలా మిగిలే ప్రతి రూపాయీ పొటాష్, జింకు, పచ్చిరొట్ట విత్తనాలు, పశువుల ఎరువు మీద పెట్టాలి. ఖజానాకు ఒక్క పైసా తిరిగి వెళ్లకూడదు. ఈ డబ్బును భూమి పట్టా ఉన్నవాడి ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటే కౌలు రైతు మునిగిపోతాడు. కాబట్టి అది బస్తా ధరలోనే కనపడాలి. ఎరువుల సబ్సిడీ 2022-23లో రెండున్నర లక్షల కోట్లు దాటింది. ఆ డబ్బు లేక కాదు. దాన్ని ఏ బస్తా మీద పోస్తున్నామన్నదే సమస్య.

అది చేయకుండా రైతుకు పాఠాలు చెప్పడం ఇక ఆపాలి. వేదికెక్కి యూరియా తగ్గించమనే నాయకుడు, అధికారి, ఏసీ గదిలో కూర్చుని నేల చచ్చిపోతోందని వాపోయే నిపుణుడు, 1,500 రూపాయల పొటాష్ బస్తాను 266 రూపాయల యూరియా బస్తా పక్కన పెట్టి, ఎకరంన్నర కౌలు రైతు స్థానంలో నిలబడి ఏది కొంటారో చెప్పాలి. 2010 మార్చిలో ఆ రెండు బస్తాల మధ్య తేడా పద్దెనిమిది రూపాయల పైచిలుకు, అదీ పొటాష్ వైపే మొగ్గుగా. ఆ తేడాను తలకిందులు చేసింది ఒక సంతకం. అది రైతు వేలిముద్ర కాదు.